రెండు బీగముల పెట్టె

ఈ మాసము శనగపైరునకు పట్టు పచ్చపురుగును గూర్చి వ్రాయుదుమని లోగడ పాఠకులకు మాట యిచ్చియుంటిమి. ఆ మాటను వచ్చు మాసమునకు వాయిదా వేయుచున్నాము. కారణ మిది. గడచిన పక్షమున మేము ఒక గ్రామ సహకార సంఘపు సర్వసభ్య సమావేశమునకు వెళ్లితిమి. ఆదాయవ్యయములు చదువుట ముగిసినపిమ్మట వెనుకవరుసలో నొక యువకుడు లేచి, "నగదు నిలువ ఇంత అని చదివినారు, సరే. దాన్ని లెక్కపెట్టినది ఎవరు?" అని యడిగెను. వేదికమీది పెద్దలు కొందఱు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్నను 2016 వ సంవత్సరమున ఎవరైనను మమ్ము అడిగియుండినచో కొన్ని లక్షల రూపాయలును, ఒక కుటుంబపు పరువును దక్కియుండెడివి. మా సేవాపుస్తకములో ఎఱ్ఱసిరా వ్రాత యొకటి పడకుండెడిది. కావున ఆ సంగతిని, అందలి మా తప్పుతో గూడ, ఇచ్చట వ్రాయుచున్నాము.

కడప జిల్లా పడమటి భాగమున నల్లరేగడియు ఎఱ్ఱనేలయు ప్రక్కప్రక్కనే యుండు ఊళ్లు కలవు. రేగడిలో శనగ విత్తుదురు. ఎఱ్ఱనేలలో బోరుబావుల క్రింద చీనీతోటలు పెంచుదురు. అట్టి యొక యూరి సంఘమునందు ఈ కథ జరిగినది. సంఘము నేటికిని నడచుచున్నది గనుకను, ఆ మనుష్యుల పిల్లలు అచ్చటనే కాపురములు చేయుచున్నారు గనుకను ఊరిపేరుగాని మనుష్యుల పేర్లుగాని చెప్పము. మేము వ్యవసాయ ప్రదర్శకులము. మా పని పొలములలోనిది. డబ్బు పని కాదు. అయినను 2016 రబీలో రాయితీ శనగవిత్తనము సంఘముద్వారా పంచవలసివచ్చినపుడు మేము చీటీలు వ్రాసియిచ్చుటయు, రైతు తన వంతు సొమ్మును సంఘమునకు చెల్లించి రసీదు పుచ్చుకొనుటయు, ఆ సొమ్ము విత్తనసంస్థకు చేరినపిమ్మట లారీ వచ్చుటయు ఏర్పాటు. సంఘపు ఇనుపపెట్టెకు రెండు బీగములు. ఒక బీగంచెవి కార్యదర్శివద్దను, రెండవది అధ్యక్షునివద్దను ఉండవలయునని ఉపనిబంధన. అధ్యక్షుడు ఆ నెలలో మోకాలి నొప్పిచే మంచము పట్టియుండెను. "సారు మనవాడే, సారు దగ్గఱ పెట్టండి" అని పాలకవర్గము తీర్మానించి రెండవ బీగంచెవిని మాకు ఒప్పగించిరి. ఆనాడు మాకది గౌరవముగా తోచినది.

కార్యదర్శి మాకంటె పండ్రెండేండ్లు పెద్ద. ఇరువదియేండ్లుగా ఆ కుర్చీలో నున్నవాడు. ఊరిలో ఎవరి పొలమునకు ఏ సర్వే నంబరో, ఎవరి బాకీ ఏ వాయిదాలో నున్నదో కాగితము చూడక చెప్పగలవాడు. చేతివ్రాత ముత్యములవలె నుండెడిది. ఎఱ్ఱనేలలో అతనికి నాలుగెకరముల చీనీతోట. ఆ తోటను మేమే మాదిరితోటగా ఎన్నుకొని చుట్టుప్రక్కల రైతులను రెండుసార్లు తీసికొనిపోయి చూపించితిమి. ఎండలకు ఊరంతటి తోటలు వడలుచుండగా అతని చెట్లు మాత్రము పచ్చగా కాయలతో నుండెను. పాదులలో ఆకుచెత్త కప్పుట, బిందుసేద్యపు గొట్టములు, అన్నియు సక్రమముగా నుండెను. ఆ నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదని ఏ రైతును అడుగలేదు, మేమును అడుగలేదు.

విత్తనపు సొమ్ము రాసాగినది. రోజు ముగియగానే కార్యదర్శి నగదు పుస్తకమున నిలువ వ్రాసి మా ముందు పెట్టుట, మేము పెట్టె తెఱచి లోపలి కట్టలను చూచి సంతకము చేయుట, ఉభయులము బీగములు వేయుట వాడుకయయ్యెను. "చూచి" అని వ్రాసితిమి, "లెక్కించి" అని వ్రాయలేదు, పాఠకులు గమనింతురుగాక. మొదటి మూడు దినములు లెక్కించితిమి. నాలుగవనాడు వాన తుంపర పడుచుండగా మా మోటారుసైకిలు బయట తడియుచున్నదని తొందరపడితిమి. అయిదవనాడు తొందర లేదు, అయినను లెక్కించలేదు. ఆ పెద్దమనిషి యెదుట కూర్చుండి అతడు కట్టిన కట్టను విప్పి తడిచేసిన వ్రేలితో లెక్కపెట్టుట మర్యాద కాదేమో అనిపించెను. అంతటితో ఆగలేదు. అక్టోబరు ఆఖరున శనగ శిక్షణకై నంద్యాల పరిశోధనా స్థానమునకు నాలుగు దినములు పోవలసివచ్చినపుడు మా బీగంచెవిని పాలకవర్గమునకు అప్పగించుటకు మాఱుగా కార్యదర్శి చేతిలోనే పెట్టి పోయితిమి. తిరిగివచ్చినపిమ్మట ఆ నాలుగు దినముల నిలువలమీదను వరుసగా సంతకములు చేసితిమి. రెండు బీగముల పెట్టెకు ఒక్క మనిషి మిగిలినాడని అప్పుడు మాకు తట్టలేదు.

సొమ్మును ఏనాటిది ఆనాడు బ్యాంకులో జమచేయవలసియుండెను. ఉపనిబంధన ప్రకారము పెట్టెలో నుంచదగిన నగదునకు ఒక హద్దు కలదు. ఆ హద్దు ఎన్నడో దాటినది. బ్యాంకు పదునెనిమిది కిలోమీటర్ల దూరము. ఒకనాడు జీపు దొరకలేదనిరి, ఒకనాడు బ్యాంకులో రద్దీ యనిరి, ఒకనాడు లారీకి చాలినంత కూడినపిమ్మట ఒక్కసారిగా కట్టుదమనిరి. చెప్పిన కారణములన్నియు నమ్మదగినవే.

2016 నవంబరు 8 వ తేదీ మంగళవారము రాత్రి ఎనిమిది గంటలకు ఏమి జరిగెనో ఎఱుగనివారు లేరు. అయిదువందల నోట్లును వేయి నోట్లును ఆ అర్ధరాత్రినుండి చెల్లవని ప్రధానమంత్రి ప్రకటించిరి. మఱునాడు బ్యాంకులు మూసియుంచిరి. 10 వ తేదీనుండి పాతనోట్లు పుచ్చుకొందురనిరి. మేము బుధవారము తెల్లవాఱగనే సంఘమునకు పోయితిమి. మా మనస్సులో ఏ అనుమానమును లేదు. పెట్టెలో అయిదువందలవి ఎన్ని, వేయివి ఎన్ని, వందలవి ఎన్ని అను పట్టిక వ్రాసి జమచీటీ సిద్ధము చేయవలెనని మాత్రమే తలంపు. కార్యదర్శి అప్పటికే వచ్చియుండెను. మేము పుస్తకము తెఱచితిమి: నిలువ 6,84,350 రూపాయలు. "సారూ, లెక్క నేను చేస్తాలే, మీరు కాఫీ తాగిరాండి" అనెను. ఆ మాట అతడు మూడుసార్లనెను. మూడవసారికి అతని ముఖము చూచితిమి.

అయిదువందల నోటుకంటె వంద నోటు ఆ కాలమున నొక సెంటీమీటరు పొట్టి. వెడల్పు రెండింటికిని ఒకటే. కట్టను పైనుండి చూచినచో పైనోటు మాత్రమే కనబడును. ప్రక్కగా త్రిప్పి చూచినచో పొట్టినోట్లు లోతుగా నుండుట కంటికి తెలియును. మేము అన్నిదినములు పైనుండియే చూచితిమి. ఆనాడు మొదటి కట్ట త్రిప్పి చూచితిమి; పైన నొక అయిదువందల నోటు, అడుగున నొక అయిదువందల నోటు, నడుమ తొంబదియెనిమిది వందనోట్లు. ఏబదివేలు కావలసిన కట్టలో పదివేల ఎనిమిదివందలు. అట్టి కట్టలు ఆఱు. విడినోట్లలో మఱికొంత కొఱత. మొత్తము లెక్కింపగా 4,11,850 రూపాయలు తేలెను. అనగా 2,72,500 రూపాయలు లేవు. మేము రెండుమాఱులు లెక్కించితిమి. రెండవసారి లెక్కించునపుడు మా చేతులు వణకుటచే నొక కట్ట నేలబడి నోట్లు విత్తన సంచుల క్రిందికి పోయెను. కార్యదర్శి వంగి వానిని ఏఱి, సమముగా తట్టి, మా చేతికిచ్చెను. ఆ పని అతడు చేసిన తీరు మేము మఱువలేము. ఇరువదియేండ్ల వాడుక.

అటుపిమ్మట సంచిమీద కూర్చుండి తానే చెప్పెను. రెండేండ్ల క్రిందట పాతబోరు ఎండిపోయినది. కాపుమీదనున్న చెట్లు. క్రొత్తబోరు వేసిన యంత్రమువానికి ఇయ్యవలసినదానిలో అయిదువేలు తక్కువపడగా, సాయంకాలము వరకని పెట్టెలోనుండి తీసెను. అది తిరిగి పెట్టెను గూడ. నీరు పడలేదు. రెండవ బోరు, మూడవ బోరు, మొత్తము ఆఱు. ఒకదానిలో రెండునెలలు నీరు వచ్చెను. తక్కిన కాలమంతయు టాంకరు నీటితో చెట్లను బ్రతికించెను. "కాపు అమ్మినంక అంతా కట్టేద్దామనుకొంటి సారూ. ప్రతి తూరీ అదే అనుకొంటి" అనెను. మేము రైతులకు చూపించిన మాదిరితోట సంఘపు సొమ్ముతో తడిసినదని అప్పుడు తెలిసినది. ఆ తోటను చూచి బోర్లు వేసికొనిన రైతులు ఇద్దఱు ముగ్గురు మాకు జ్ఞాపకము వచ్చిరి.

"పది దినాలు గడువియ్యండి" అని అతడు వేడుకొనెను. ఆ గడువు ఇచ్చియుండినచో ఏమయ్యెడిదో ఇచ్చటనే చెప్పివేయుట మంచిది. నవంబరు 14 వ తేదీన రిజర్వు బ్యాంకు జిల్లా సహకార కేంద్ర బ్యాంకులు పాతనోట్లను ఇక పుచ్చుకొనరాదని ఉత్తరువు చేసినది. మన గ్రామ సంఘములకు ఖాతాలుండునది ఆ బ్యాంకులలోనే. కొఱతపడిన సొమ్ము మాట యటుండగా, పెట్టెలో మిగిలియున్న పాతనోట్లును చిక్కుపడిపోయెడివి.

కాని ఆ బుధవారము మాకు వచ్చిన శోధన గడువు కాదు, వేఱొకటి. మధ్యాహ్నము అధ్యక్షుని మంచముచుట్టు పాలకవర్గములో నలుగురు కూడిరి. సాయంకాలమునకు ఆ ప్రాంతపు శనగల వ్యాపారి యొకడు కబురు పంపెను. అతనివద్ద చెల్లని నోట్లు బీరువానిండ నున్నవట. "ఎంత తక్కువైతే అంత నేను పాతనోట్లలో ఇస్తా, పెట్టెలో పెట్టి రేపు సంఘం పేరున కట్టేయండి. నాకు ఉగాది నాటికి కొత్తనోట్లు చాలు, వడ్డీ వద్దు" అని వర్తమానము. ఆలోచించి చూడుడు. పెట్టె నిండును. పుస్తకమునకు పెట్టెకు సరిపోవును. లారీ వచ్చును. ఇరువదియేండ్ల మనిషి జైలుకు పోడు. మా బీగంచెవి సంగతి ఎవ్వరికిని తెలియదు. రైతునకు పైస నష్టము లేదు. అధ్యక్షుడు మంచివాడే, "దేవుడే పంపినాడు" అనెను. మేము వెంటనే కాదనలేదు. ఈ మాట దాచుట మాకిష్టము లేదు. "రాత్రి ఆలోచింపనిండు" అంటిమి.

డెబ్బదిమంది రైతులు సొమ్ము కట్టి విత్తనమునకై కాచుకొనియుండిరి. శనగ రేగడిలో నిలిచిన తేమమీద పండు పైరు. అక్టోబరునుండి నవంబరు నడిమి వఱకు విత్తవలయును. ఆ పదను తప్పినచో పైతేమ ఆఱిపోయి మొలక పలచబడును, మొలచినదియు కాయ పట్టువేళకు ఎండకు దొరకును. ఆ యేడు ఈశాన్యపు వానలు దక్షిణదేశమున మిక్కిలి తక్కువగా నుండెను. విత్తనసంస్థకు కట్టవలసినది 5,30,000 రూపాయలు. పెట్టెలో నున్నదానితో పోల్చిన 1,18,150 తక్కువ. నిజము చెప్పినచో లారీ ఆగును; అబద్ధము చెప్పినచో వచ్చును. ధర్మసంకటమనగా పుస్తకములలో చదివినదే గాని ఇట్లు ఎకరములలోను సంచులలోను కొలిచి మాయెదుట పెట్టినవారు అంతకుముందు లేరు.

మేము చిన్నతనమున మిషను పాఠశాలలో చదివితిమి. ఆదివారపు కానుకల పెట్టెను మా ప్రధానోపాధ్యాయులు ఇద్దఱు పిల్లలచే పైకి వినబడునట్లు లెక్కపెట్టించి, తాము మూడవమాఱు లెక్కపెట్టెడివారు. ఒకనాడు మేము, "మామీద నమ్మకము లేదా అయ్యవారూ" అని ఉడుకుబోతుతనముతో అడిగితిమి. ఆయన కోపింపలేదు. "నమ్మకము లేనివానికి పెట్టెనే ఇయ్యనురా. ఇచ్చినవానికి లెక్కగూడ ఇవ్వవలె" అనిరి. పండ్రెండుగురు శిష్యులలో డబ్బుసంచి మోసినవాని కథ ఆయన ఎన్నడును ద్రోహపు కథగా మాత్రమే చెప్పెడివారు కారు. ఆ సంచిని తక్కిన పదునొకండుగురిలో ఎవ్వరును ఏల విప్పి చూడలేదని అడిగెడివారు. ఆ రాత్రి ఆ ప్రశ్న మమ్ము పడుకొననీయలేదు. సంచి విప్పి చూడనివారిలో మేమొకరము.

తెల్లవాఱుజామున తెలిసినది పెద్ద తత్త్వమేమియు కాదు, లెక్కకు సంబంధించిన చిన్నవిషయము. వ్యాపారి నోట్లను పెట్టెలో పెట్టినచో 8 వ తేదీ సాయంకాలము ఆ సొమ్ము పెట్టెలో నుండెనని మేము సంతకము చేయవలయును. ఆ సంతకము చేసిననాటినుండి సంఘపు రెండవ బీగంచెవి మాయొద్ద గాని అధ్యక్షునియొద్ద గాని యుండదు, ఆ వ్యాపారియొద్ద నుండును. ఉగాదికి అతనికి ఇయ్యవలసిన 2,72,500 ఎక్కడనుండి తేవలయును? చీనీకాపునుండియా? మరల పెట్టెలోనుండియే. శనగకు ధర కట్టునది ఆ వ్యాపారియే. బాకీపడిన సంఘము అతనియెదుట నోరెత్తగలదా?

గురువారము ఉదయము ఈ మాటలే పాలకవర్గమునకు చెప్పితిమి. మా బీగంచెవిని నాలుగు దినములు విడిచిపెట్టినసంగతి అప్పుడే చెప్పితిమి. అధ్యక్షుడు చాలసేపు మాటాడక, తరువాత, "ఆ మాట మీరు చెప్పకపోయింటే ఆ నోట్లకే సరే అని ఉందును" అనెను. ఎందుచేతనో నేటికిని మాకు పూర్తిగా బోధపడలేదు. పంచనామా వ్రాయించి, నోటునోటును పట్టికలో చేర్చి, అయిదుగురు సంతకములు చేసిరి. 4,11,850 రూపాయలును అదేదినమున జిల్లా బ్యాంకు శాఖలో జమయయ్యెను. వరుసలో నాలుగు గంటలు నిలుచుంటిమి. సహకారశాఖాధికారికి జాబు వ్రాసితిమి. ఆ జాబు వ్రాయుటకు ముత్యములవంటి చేతివ్రాత లేకపోయెను.

లక్షా పదునెనిమిదివేల కొఱత ఎట్లు తీరెననగా, పాలకవర్గమువారును మఱి పదిమంది సభ్యులును తమ తమ పొదుపుఖాతాలనుండి విత్తనసంస్థ ఖాతాకు మార్పించిరి. చేతికి నగదు తీయుటకు హద్దులుండెను గాని ఖాతానుండి ఖాతాకు మార్చుటకు అడ్డు లేదు. లారీ 17 వ తేదీన వచ్చినది. అప్పటికి తొమ్మిదిమంది రైతులు పదను పోయినదని చేను బీడు విడిచిరి. వారి సొమ్ము వారికి తిరిగి ఇచ్చితిమి. కారు తిరిగి ఇయ్యలేకపోతిమి. ప్రభుత్వ విత్తన దుకాణములలో రైతులు పాత అయిదువందల నోట్లతో విత్తనము కొనవచ్చునని కేంద్రప్రభుత్వము అనుమతించినది నవంబరు 21 న. మా శనగకది అక్కరకు రాలేదు.

ఊరిలో అందఱును దీనిని దొంగతన మనిరి. చట్టము ఆ మాట వాడదు. ఇంటికి కన్నము వేసి తీసినది దొంగతనము. తనకు నమ్మి ఒప్పగించినదానిని తన సొంతమునకు వాడుకొనుట నమ్మకద్రోహము. అది వేఱు నేరము. భారతశిక్షాస్మృతిలో సేవకుడు చేసినచో 408, ప్రభుత్వోద్యోగి, బ్యాంకరు, ఏజెంటు మొదలగువారు చేసినచో 409 సెక్షనులు దానిని చెప్పెడివి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో 316 వ సెక్షను చెప్పుచున్నది. సేవకునికి ఏడేండ్ల వఱకును, రెండవ తరగతివారికి యావజ్జీవము వఱకును శిక్ష కలదు. ఈ భేదమును ఏల వ్రాయుచున్నామనగా, దొంగతనము జరిగినచో బీగము విఱిగి అందఱకు కనబడును. నమ్మకద్రోహమున బీగము విఱుగదు. అది లెక్కపెట్టినవానికి మాత్రమే కనబడును.

1964 నాటి సహకార సంఘముల చట్టము 51 వ సెక్షను క్రింద విచారణ జరిగినది. విచారణాధికారి టముకు వేయించి, సభ్యులందఱు తమ పాసుపుస్తకములును రసీదులును తెచ్చి ఆవర్జాతో సరిచూచుకొనవలెనని కోరిరి. మొదటి రెండు దినములు నలుగురైదుగురే వచ్చిరి. మూడవనాడు ఒక ముసలమ్మ కొంగు ముడి విప్పి నాలుగు మడతలు పెట్టిన రసీదు తీసెను. మగడు పోయినతరువాత ఆమెయే సేద్యము చేయుచుండెను. పంటఋణముక్రింద 18,000 రూపాయలు కట్టినట్లు కార్యదర్శి సంతకముతో రసీదు. ఆవర్జాలో ఆమె పేర ఆ జమ లేదు. బాకీ అట్లే యుండి వడ్డీ పెరుగుచుండెను. రసీదు నంబరు చూడగా అది సంఘము వాడుకలోనున్న పుస్తకములోనిది కాదు, అయిపోయినదని వ్రాసి కట్టగట్టి అటకమీద పెట్టిన పాతపుస్తకములోనిది. అట్టి రసీదులు పదునొకటి బయటపడెను, మొత్తము 1,63,500. ఈ సొమ్ము నగదుపుస్తకమునకే ఎక్కలేదు గనుక పెట్టె నెన్నిమాఱులు లెక్కించినను తెలియదు. రైతు రసీదును ఆవర్జాతో కలిపి చూచినప్పుడే తెలియును. రెండును చేరి 4,36,000 రూపాయలు.

ఇందును గూర్చి సభ్యులతో కొంచెము ఎక్కువగా మాటాడవలసియున్నది. సొమ్ము కట్టినపుడు రసీదు తీసికొనుట మనవారికి అలవాటే. దానిని కొంగున ముడివేయుటతో పని తీరినదనుకొందురు. అచ్చువేసిన వరుస నంబరు ఉన్నదా, మీ ముందు కట్టినవాని నంబరునకు తరువాతి నంబరేనా, అడుగున కార్బను నకలు పడినదా అని చూచుటకు చదువు అక్కరలేదు, అంకెలు వచ్చిన చాలును. నెల తిరుగక మునుపే పాసుపుస్తకము తీసికొనిపోయి ఆవర్జాలో మీ పుట చూపుమని అడుగుడు. చూపనన్నవాడు దొంగయని మేము అనము, పనితొందరలో నుండవచ్చును. మఱునాడు మరల అడుగుడు. 50 వ సెక్షను క్రింద ఏటేట ఆడిటు జరుగును, నిజమే. కాని ఆడిటరు వచ్చుదినము ముందుగా తెలియును. ఆనాటికి పెట్టెను నింపుట ఎట్లో తెలిసినవారు ఉందురు. మఱియొక సంగతి. బ్యాంకులలోని డిపాజిట్లకు 2020 నుండి అయిదు లక్షల వఱకు భీమా కలదు. సహకార బ్యాంకులకును అది వర్తించును. గ్రామ ప్రాథమిక సంఘములలో మీరుంచు డిపాజిట్లకు అది లేదు. కొందఱు ఉన్నదనుకొని నిశ్చింతగా నున్నారు.

1895 లో నికల్సను దొరగారు చెన్నపట్టణపు ప్రభుత్వమునకు నివేదిక వ్రాసి, జర్మనీలో రైఫైజను నెలకొల్పిన గ్రామసంఘములవంటివి మనకును కావలెననిరి. 1904 లో మొదటి చట్టము వచ్చినది. ఒక్క గ్రామమునకే సంఘమును పరిమితము చేయుట యందలి ఉద్దేశము, ఒకరినొకరు ఎఱిగినవారు ఒకరి నొకరు కనిపెట్టుకొని యుందురనియే. మా అనుభవమున ఒకచిక్కు కనబడినది. ఎఱిగినవారము గనుకనే కనిపెట్టలేదు. పరాయివాడైనచో మొదటిదినమునుండి లెక్కించియుందుము. 2022 లో కేంద్రప్రభుత్వము ప్రాథమిక సంఘములను గణకయంత్రములతో అనుసంధించు పథకమును మంజూరుచేసినది. అది వచ్చినచోట పద్దులు కప్పిపుచ్చుట కష్టమగును. యంత్రము కట్టను ప్రక్కకు త్రిప్పి చూడదు గనుక, పెట్టె లెక్క మాత్రము ఎప్పటివలె మనుష్యులదే.

తరువాతి సంగతులు చెప్పి ముగించెదము. కార్యదర్శిమీద కేసు నడచినది. 60 వ సెక్షను క్రింద సొమ్ము రాబట్టుటకు ఉత్తరువైనది. భార్య నగలు అమ్మి కొంత కట్టెను. మిగిలినదానికి చీనీతోట 2019 లో వేలమునకు వచ్చెను. కొనినవాడు నీరు లేదని చెట్లు కొట్టించి వంటచెఱకుగా అమ్మివేసెను. ఆఱు బోరుగొట్టములును నేలపై రెండడుగుల ఎత్తున నేటికిని ఉన్నవి. పిల్లలు పడకుండ ఎవరో వానిమీద రాళ్లు పెట్టిరి. మా శాఖవారు మా సంజాయిషీ తీసికొని ఒక సంవత్సరపు జీతపు పెంపు నిలిపిరి. అది న్యాయమే. కార్యదర్శిని మేము ఒక్కసారి బస్సుస్టాండులో చూచితిమి. అతడే ముందు నమస్కరించి, "శనగ ఎట్లుంది సారూ ఈ యేడు?" అని యడిగెను. ఏదో చెప్పితిమి. ఏమి చెప్పితిమో జ్ఞాపకము లేదు.

ముసలమ్మ 18,000 రూపాయలును వడ్డీతోగూడ ఆమె ఖాతాలో సరిచేయబడినవి. ఆమె మాత్రము అంతటితో విడువలేదు. విత్తనము పంచు రోజులలో మేము ఆ సంఘమునకు పోయినపుడెల్ల సాయంకాలము లెక్క వేళకు వచ్చి గడపమీద కూర్చుండును. కార్యదర్శిగా నున్న యువకుడు నోట్లను పైకి లెక్కపెట్టుచుండగా ఆమె వ్రేళ్లు మడచుచుండును. పోయిన అక్టోబరులో నొకనాడు లెక్క ముగిసి, పెట్టెకు రెండు బీగములు పడి, మేము మోటారుసైకిలు ఎక్కుచుండగా వెనుకనుండి పిలిచెను.

"బీగంచెవి నీ కాడనే ఉందా సారూ?"

జేబులోనుండి తీసి చూపితిమి. ఆమె దగ్గఱకు వచ్చి, చేతిలోనికి తీసికొని, ఇటు నటు త్రిప్పి చూచి, తిరిగి ఇచ్చెను.

"పోయిరాపో, పొద్దుగూకె" అనెను.